ఫోన్ పోయింది, అంతేగా!



పోయిన నెల తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్‌లో ‘కారణం – ఫలితం’ పాఠం చెప్పాను. ఒక సంఘటన ఇంకో సంఘటనకి ఎలా దారి తీస్తుందో వరుసగా రాయడం ఈ పాఠంలో నేర్చుకుంటారు. పరీక్షల్లో పేరాగ్రాఫ్ రాయడానికి బాగా పనికొస్తుంది. బోర్డు మీద ఒక వాక్యం రాశాను: “ఒక అమ్మాయి రాత్రి బస్సులో ఫోన్ మరిచిపోయింది.” తర్వాత ఏమవుతుందో నాలుగు వాక్యాల్లో రాయమన్నాను.

నోట్‌బుక్‌లు దిద్దుతుంటే ఒక విషయం గమనించాను. “నాన్న తిడతారు.” “అమ్మ నెల రోజులు మాట్లాడదు.” “ఇంటర్ అయ్యేదాకా మళ్ళీ ఫోన్ కొనివ్వరు.” “అన్నయ్య పాత ఫోన్ ఇస్తారు, అదీ స్క్రీన్ పగిలింది.” నవ్వు వచ్చింది. తర్వాత ఆలోచనలో పడ్డాను. ఆ ఫోన్ ఎవరికి దొరికింది, దొరికినవాడు దానితో ఏం చేస్తాడు అని తరగతి మొత్తంలో ఒక్కరూ రాయలేదు. అందరి కథా ఇంట్లో పడే తిట్ల దగ్గరే ఆగింది.

బోర్డు మీద నేను రాసిన వాక్యం ఒక సినిమా మొదలయ్యే సన్నివేశం. ఈ నెల ఆ సినిమానే పాఠంగా తీసుకుందాం. ఈసారి పాఠం పిల్లలకు కాదండి, మనకి.

సినిమా ఏమిటి?

2023 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొరియన్ థ్రిల్లర్ ‘అన్‌లాక్డ్’. దర్శకుడు కిమ్ తే-జూన్. చున్ వూ-హీ, ఇమ్ సి-వాన్ ముఖ్య పాత్రలు. దీనికి మూలం జపాన్ రచయిత అకిరా షిగా నవల. ఆ నవలను 2018లోనే జపాన్‌లో హిదెయో నకాతా సినిమాగా తీశారు. ‘రింగ్’ అనే ప్రసిద్ధ హారర్ సినిమా తీసినది ఆయనే. జపాన్ నవల పేరుకి అర్థం సుమారుగా “ఫోన్ పోగొట్టుకున్నాను, అంతేగా” అని. ఈ వ్యాసానికి పేరు అక్కడి నుంచే తీసుకున్నాను.

ముందుగా ఒక మాట. ఇది హత్యలు, హింస ఉన్న సినిమా. పిల్లలతో కూర్చుని చూసేది కాదు. చూడాలనుకుంటే వాళ్ళు పడుకున్నాక మీరిద్దరూ చూడండి. చూడకపోయినా ఈ పాఠం అర్థమవుతుంది. ముగింపు నేను చెప్పను.

నా-మి అనే అమ్మాయి ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. తండ్రి కాఫీ షాపు నడుపుతాడు. ప్రాణంలాంటి స్నేహితురాలు ఒకామె ఉంది. పొద్దున్న అలారం నుంచి రాత్రి నిద్ర దాకా ఆమె రోజంతా ఫోన్‌లోనే గడుస్తుంది. ఒక రాత్రి ఇంటికి వస్తూ ఆ ఫోన్‌ని బస్సులో మరిచిపోతుంది. అది జున్-యోంగ్ అనే యువకుడికి దొరుకుతుంది. చూడటానికి సౌమ్యంగా ఉంటాడు. కానీ మనుషుల్ని ఇలాగే పట్టుకుని చంపేవాడు.

అతను చేసే పనుల్లో గొప్ప కంప్యూటర్ విద్య తక్కువ, మనుషుల నమ్మకంతో ఆడుకోవడం ఎక్కువ. నన్ను భయపెట్టింది అదే.

కారణం – ఫలితం: ఆరు మెట్లు

తరగతిలో వేసినట్టే ఇక్కడ కూడా మెట్లు వేద్దాం. ప్రతి మెట్టు దగ్గరా “ఇక్కడ ఆగేదా?” అని అడుగుదాం.

మొదటి మెట్టు: ఫోన్ పోయింది. ఇది తప్పు కాదు, పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. ఇక్కడ చేయాల్సిన పని వెంటనే వేరే ఫోన్ నుంచి గూగుల్ లేదా యాపిల్ అకౌంట్‌లోకి వెళ్ళి పోయిన ఫోన్‌ని లాక్ చేయడం. దొరక్కపోతే సిమ్ బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో ఫోన్‌ని కూడా బ్లాక్ చేయవచ్చు. ఈ సౌకర్యం 2023 మే నుంచి దేశమంతటా ఉంది. ఐఎంఈఐ నంబరు కోసం ఫోన్‌లో *#06# నొక్కితే చాలు. ఈరోజే నొక్కి, ఇంట్లో అందరి నంబర్లూ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయాక నొక్కడానికి ఫోన్ ఉండదు కదా!

రెండో మెట్టు: నా-మి తన నంబరుకి ఫోన్ చేయిస్తే అవతల ఒక ఆడగొంతు పలుకుతుంది. “మీ ఫోన్ నాకు దొరికింది, ఇస్తాను” అంటుంది. ఆడగొంతు కాబట్టి నా-మి నమ్మేస్తుంది. నిజానికి అక్కడ ఉన్నది జున్-యోంగ్, ఆ గొంతు టెక్నాలజీతో పుట్టించినది. ఈ రోజుల్లో గొంతు మార్చడం సినిమా విషయం కాదండి. మన పిల్లలు ఆన్‌లైన్ గేముల్లో “అక్క” అని పిలిచే మనిషి నిజంగా అక్కేనా అన్న ప్రశ్న ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మూడో మెట్టు: “పొరపాటున కింద పడేశాను, స్క్రీన్ పగిలింది, బాగు చేయడానికి షాపులో ఇచ్చాను, అక్కడ తీసుకోండి” అని చెబుతాడు. పగలగొట్టింది అతనే, షాపులో కూర్చున్నదీ అతనే. రిపేరు కాగితం మీద పాస్‌వర్డ్ రాయమంటాడు. నా-మి రాసేస్తుంది. ఆ ఒక్క నిమిషంలో కథ మొత్తం అతని చేతికి పోతుంది. స్క్రీన్ మార్చడానికి మన ఫోటోలు, మెసేజీలు తెరవాల్సిన అవసరం లేదు. పనిచేస్తోందో లేదో చూడాలంటే మన ముందే, మనమే తెరిచి చూపించవచ్చు. సామ్‌సంగ్ ఫోన్లలో ‘మెయింటెనెన్స్ మోడ్’, పిక్సెల్ ఫోన్లలో ‘రిపేర్ మోడ్’ ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే రిపేరు చేసేవాళ్ళకి మన సొంత డేటా కనిపించదు.

నాలుగో మెట్టు: ఫోన్‌లో నిఘా యాప్ వేస్తాడు. ఇక ఆమె కెమెరా అతని కన్ను, ఆమె మైకు అతని చెవి. ఎక్కడికి వెళ్తోంది, ఏం తింటోంది, ఎవరితో గొడవ పడింది, అన్నీ తెలుసు. ఆ సమాచారంతో అనుకోకుండా పరిచయమైనట్టు ఎదురుపడతాడు. ఇద్దరి ఇష్టాలూ ఒకటే అన్నట్టు మాట్లాడతాడు. అన్నీ కలిసిపోయే మనిషి దొరికాడని ఆమె సంతోషపడుతుంది. అతను ఆమె ఫోన్‌ని కాపీ కొడుతున్నాడని ఆమెకు తెలియదు.

ఐదో మెట్టు: ఆమెను ఒంటరిని చేస్తాడు. ఆమె అకౌంట్ నుంచి ఆమెకే తెలియకుండా రాతలు పెట్టి ఉద్యోగం పోగొడతాడు. ప్రాణ స్నేహితురాలినే అనుమానించేలా చేస్తాడు. ఒక్కొక్కరుగా అందరూ దూరమవుతారు.

ఆరో మెట్టు: ఎవరూ లేని మనిషి మీద చివరి దెబ్బ వేయడం తేలిక.

ఈ ఆరింటిలో ఏది అత్యంత ప్రమాదకరం అని అడిగితే చాలామంది నాలుగోది అంటారు. నేను ఐదోది అంటాను. వెంటాడేవాడికి అసలు ఆయుధం మన ఒంటరితనం. ఫోన్ అతనికి తలుపు మాత్రమే. జున్-యోంగ్ ఎంతో కష్టపడి నా-మిని ఒంటరిని చేశాడు. మా తరగతి పిల్లల నోట్‌బుక్‌లు చూశాక నాకు ఒక అనుమానం వచ్చింది. మన పిల్లల విషయంలో ఆ కష్టం కూడా అక్కర్లేదేమో. “ఇంట్లో చెబితే తిడతారు, ఫోన్ లాక్కుంటారు” అని వాళ్ళు ముందే నిర్ణయించుకుని ఉన్నారు. వెంటాడేవాడి ఐదో మెట్టు మన ఇంట్లోనే కట్టి సిద్ధంగా ఉంది.

నా సంగతి

ఇది రాయడానికి నాకు కొంచెం ధైర్యం కావాల్సి వచ్చింది.

బీఈడీ చదివే రోజుల్లో హాస్టల్లో ఉండేదాన్ని. ఒకరోజు బస్సు దిగుతుంటే ఫోన్ జారి స్క్రీన్ పగిలింది. దగ్గర్లో ఉన్న చిన్న షాపులో ఇచ్చాను. “చెక్ చేయాలి మేడమ్, ప్యాటర్న్ చెప్పండి” అన్నాడు. చీటీ మీద గీసి ఇచ్చాను. అతను ఆ చీటీని ఫోన్ వెనకాల అంటించాడు. సాయంత్రం తెచ్చుకున్నాను. కొత్త స్క్రీన్ బాగుందని ఫ్రెండ్స్‌కి చూపించాను కూడా.

పది రోజులకి తెలియని నంబరు నుంచి మెసేజీలు మొదలయ్యాయి. మొదట “హాయ్”. తర్వాత ఆరోజు నేను వేసుకున్న చున్నీ రంగు. ఆ తర్వాత నేను ఎక్కబోయే బస్సు టైము. ఒకరోజు నా గ్యాలరీలో మాత్రమే ఉన్న, నేను ఎవరికీ పంపని ఫోటో నాకే వచ్చింది. అందులో తప్పేమీ లేదండి, అమ్మతో వంటింట్లో దిగిన ఫోటో. కానీ అది చూసి నా చేతులు చల్లబడిపోయాయి.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. బస్సు మార్చాను. పొద్దున్నే ఆరున్నరకే బయలుదేరేదాన్ని. టీచింగ్ ప్రాక్టీసులో చాక్‌పీసు పట్టుకుంటే అక్షరాలు వంకర పోయేవి. గైడ్ చేసే మేడమ్ “ప్రిపేర్ అవ్వట్లేదు నువ్వు” అన్నారు. అవునన్నాను.

చివరికి రూమ్మేట్ కనిపెట్టింది. నా ఫోన్ తీసుకుని చూస్తే, నాది కాని ఒక కంప్యూటర్‌లో నా వాట్సాప్ తెరిచి ఉంది. రిపేరుకి ఇచ్చిన రోజు నుంచీ. ఏ యాపూ వేయలేదు, ఏ హ్యాకింగూ లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడు, అంతే. నా ఫ్రెండ్స్‌తో, ఇంటితో నేను రాసుకున్న ప్రతి మాటా అతను కూర్చుని చదివాడు.

అప్పుడు నాన్నకి ఫోన్ చేశాను. చెప్పడం అయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఎన్ని రోజులైందమ్మా?” అన్నారు. మూడు వారాలన్నాను. “మూడు వారాలు ఒక్కదానివే మోశావా?” అన్నారు. మర్నాడు మొదటి బస్సుకే వచ్చారు. ఇద్దరం కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అతను దొరికాడు. అతని దగ్గర నావే కాదు, ఇంకా చాలామందివి ఉన్నాయని అప్పుడు తెలిసింది.

తిరిగి హాస్టల్ దగ్గర దింపుతూ నాన్న అడిగారు, “నాకెందుకు చెప్పలేదు?” అని. తల దించుకున్నాను. జవాబు నాకు తెలుసు, కానీ చెప్పలేకపోయాను. బీఈడీలో చేర్పించిన రోజు ఆయన ఒక మాట అన్నారు: “ఏదైనా మాట వచ్చిందంటే చదువు మాన్పించి తీసుకొచ్చేస్తా, సంబంధం ఎలాగూ ఉంది.” ఆయన ఆ మాట ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. భయంతో అన్న మాటే కానీ కోపంతో అన్నది కాదు. నేను మాత్రం ఆ మూడు వారాలూ దాన్ని తలచుకుంటూనే ఉన్నాను. మెసేజీలు పంపేవాడి కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

ఈ పత్రిక నాన్నకి కూడా పంపిస్తాను. జవాబు ఇన్నేళ్ళకి ఇలా చెబుతున్నాను.

‘స్టాకింగ్’ అంటే ఏమిటి? చట్టం ఏం చెబుతుంది?

ఇంగ్లిష్‌లో ‘స్టాక్’ అనే క్రియ వేటగాళ్ళ మాట. జంతువుకి తెలియకుండా, చప్పుడు లేకుండా దాని వెంట వెళ్ళడం. తెలుగులో ‘పొంచి వెంటాడటం’ అనవచ్చు. కానీ మనం వాడే మాట ‘వెంటపడటం’. ఆ మాటలో భయం లేదు చూడండి, కొంచెం సరదా కూడా ఉంది. మన సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు? అమ్మాయి వద్దంటుంది, హీరో వెంటపడతాడు, నంబరు సంపాదిస్తాడు, ఇంటి ముందు నిలబడతాడు, ఇంటర్వెల్ అయ్యేసరికి అమ్మాయి మనసు మారుతుంది. పక్కన కూర్చున్న మన అబ్బాయి దాన్ని ప్రేమ అనుకుంటాడు. మన అమ్మాయి దాన్ని భరించాలనుకుంటుంది. అదే పని ‘అన్‌లాక్డ్’లో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకంటే అక్కడ కథ అమ్మాయి వైపు నుంచి కనిపిస్తుంది.

మన దేశంలో స్టాకింగ్‌ని 2013లో ప్రత్యేక నేరంగా చేర్చారు. అప్పుడు అది ఐపీసీ 354డి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 78. ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా ఒక పురుషుడు పదేపదే వెంటపడటం, మాట్లాడటానికి ప్రయత్నించడం నేరం. ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల మీద నిఘా పెట్టడమూ నేరమే. మొదటిసారి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా.

18 ఏళ్ళ లోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని నేరుగా కానీ, ఫోన్, ఇంటర్నెట్ ద్వారా కానీ పదేపదే వెంటాడటం, గమనించడం, సంప్రదించడం ఈ చట్టం కింద నేరం. ఇది అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వర్తిస్తుంది. అబ్బాయిల తల్లిదండ్రులు దయచేసి ఈ వాక్యం ఇంకోసారి చదవండి. “మాకేం భయం, మాది మగపిల్లాడు” అనే మాట పేరెంట్స్ మీటింగ్‌లో నేను చాలాసార్లు వింటుంటాను.

“స్టేషన్ మెట్లు ఎక్కితే పరువు పోతుంది” అనే భయం కూడా నాకు తెలుసు. పోక్సో చట్టం దాన్ని ఆలోచించే రాసింది. పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గర కానీ, వాళ్ళు కోరిన చోట కానీ తీసుకోవచ్చు. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా అధికారి అయి ఉండాలి. పిల్లల పేరు, స్కూలు, ఫోటో బయటపెట్టడానికి మీడియాకి అనుమతి లేదు.

సినిమా పుట్టిన కొరియాలో స్టాకింగ్‌కి ప్రత్యేక చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడ దాన్ని చిన్న నేరంగా చూసి, స్వల్ప జరిమానాతో వదిలేసేవారు. టెక్నాలజీలో అంత ముందున్న దేశానికి కూడా ఇది పెద్ద నేరమని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది.

మరి మనమే నిఘా పెడితే?

ఇక్కడిదాకా చదివాక మీకు ఒక ఆలోచన వచ్చి ఉంటుంది: “మా పిల్లల ఫోన్‌లో మేమే ఒక యాప్ వేసి అన్నీ చూస్తే సరిపోతుంది కదా మేడమ్?” పోయిన మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను ఇదే అడిగారు.

చిన్న పిల్లలకు పర్యవేక్షణ తప్పకుండా కావాలి. గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’, యాపిల్ ‘స్క్రీన్ టైమ్’ లాంటివి అందుకే ఉన్నాయి. ఏ యాప్ వాడాలి, ఎంతసేపు వాడాలి అని వాటిలో నిర్ణయించవచ్చు. అవి ఉన్నట్టు పిల్లలకు కూడా కనిపిస్తుంది. అది ఇంటికి గేటు పెట్టడం లాంటిది.

దొంగచాటుగా మెసేజీలు చదివే యాప్ వేరు. పిల్లలకు ఏదో ఒకరోజు తెలుస్తుంది. తెలిసిన రోజున రెండు పాఠాలు నేర్చుకుంటారు. ఒకటి, ఇంకో రహస్య అకౌంట్ ఎలా తెరవాలో. రెండోది ఇంకా ప్రమాదం: “నన్ను ప్రేమించేవాళ్ళు నా ఫోన్ దొంగచాటుగా చూస్తారు” అని. రేపు వాళ్ళకి పరిచయమైన మనిషి “ప్రేమ ఉంటే పాస్‌వర్డ్ చెప్పు” అంటే, మన అమ్మాయికి అందులో తప్పు కనిపించదు. మన అబ్బాయి అదే మాట ఇంకొకరిని అడుగుతాడు.

సినిమాలో ఒక పోలీసు పాత్ర ఉంది. కొడుకు ఏళ్ళ కిందట ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. హత్యలు చేస్తున్నది తన కొడుకేనేమో అని ఆ తండ్రికి అనుమానం. కానీ అవునో కాదో చెప్పగలిగినంతగా కొడుకు అతనికి తెలియదు. నేరస్తుల్ని పట్టుకోవడం వృత్తిగా ఉన్న మనిషికి సొంత కొడుకు అంతుపట్టలేదు. నిఘా ఎంత పెట్టినా మాటలు లేని ఇంట్లో ఏమీ తెలియదని ఆ పాత్ర చూస్తే నాకు అనిపించింది.

ఈ ఆదివారం అరగంట

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు మీ ఫోన్, తర్వాత వాళ్ళ ఫోన్ చూడండి. వరుస మార్చకండి. మీది ముందు చూపిస్తే వాళ్ళది ఇవ్వడానికి వెనకాడరు.

1. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరవండి. ఒక అకౌంట్‌ని ఇంకో నాలుగు చోట్ల తెరవవచ్చు. మీది కానిది కనిపిస్తే లాగౌట్ చేయండి. నాకు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

2. గూగుల్ అకౌంట్‌లో ‘సెక్యూరిటీ’ కింద మీ డివైజుల జాబితా ఉంటుంది. ఎప్పుడో అమ్మేసిన ఫోన్ అందులో ఉంటే తీసేయండి.

3. గూగుల్ మ్యాప్స్‌లో ‘లొకేషన్ షేరింగ్’ చూడండి. ఎవరితో పంచుకుంటున్నారో అక్కడ తెలుస్తుంది.

4. కెమెరా, మైకు, లొకేషన్ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో చూడండి. టార్చ్ యాప్‌కి కాంటాక్టులు ఎందుకు?

5. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, కెమెరా లేదా మైకు వాడుతుంటే స్క్రీన్ పైన చిన్న రంగు చుక్క వెలుగుతుంది. మీరు ఏమీ వాడకుండానే అది వెలిగితే ఏ యాప్ వాడుతోందో చూడండి. ఈ చుక్కని పిల్లలకు చూపిస్తే ఆటలా నేర్చుకుంటారు.

6. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టండి. ఫోన్ లాక్ పుట్టినరోజు అయితే మార్చండి.

నిజంగా ఏదైనా జరిగితే

మెసేజీలు డిలీట్ చేయకండి. నంబరు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. భయంతో వెంటనే అన్నీ తుడిచేస్తే సాక్ష్యం కూడా పోతుంది. నిఘా యాప్ ఉందని అనుమానం ఉంటే ఆ ఫోన్‌లో కాకుండా వేరే ఫోన్‌లో మాట్లాడండి, పాస్‌వర్డులు కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి.

సైబర్ ఫిర్యాదులకు 1930. ఆన్‌లైన్‌లో అయితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. పిల్లలకు 1098. మహిళలకు 181. అత్యవసరమైతే 112. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. ఎవరైనా ఫోటోలు బయటపెడతామని బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, ఇంకో ఫోటో అసలే పంపనివ్వకండి. 18 ఏళ్ళ లోపు తీసిన అసభ్య ఫోటోలు ఇంటర్నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. దానికి ఫోటో పంపనక్కర్లేదు. ఫోటోకి సంబంధించిన ఒక డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది.

వీటన్నిటికన్నా ముందు, పిల్ల వచ్చి చెప్పిన మొదటి నిమిషం ముఖ్యం. “నీకెందుకు ఫోన్ ఇచ్చామురా”, “నువ్వేం చేశావు ముందు”, “ఆ నంబరు వాడికెలా వచ్చింది” అనే మూడు ప్రశ్నలు నోటి చివరి దాకా వస్తాయి. వాటిని మింగేయండి. “చెప్పినందుకు మంచిపని చేశావు. ఇక ఇది మన ఇద్దరి పని” అనండి. వివరాలు తర్వాత అడగవచ్చు.

పిల్లలతో మాట్లాడటానికి మూడు ప్రశ్నలు

ఏడో తరగతి నుంచి పైవాళ్ళతో భోజనాల దగ్గర అడిగి చూడండి. మీరు సరైన జవాబు చెప్పకండి, వాళ్ళని చెప్పనివ్వండి.

ఒకటి: ఫోన్ దొరికిందని ఒక అక్క గొంతు చెబితే, తీసుకోవడానికి ఎక్కడికి రమ్మంటావు? ఎవరిని వెంట తీసుకెళ్తావు?

రెండు: నీ బెస్ట్ ఫ్రెండ్ నుంచి చెడ్డ మెసేజ్ వచ్చింది. పంపింది తనేనని ఎలా తెలుసుకుంటావు?

మూడు: ఫోన్‌లో నీకు ఏదైనా ఇబ్బంది వస్తే ఇంట్లో ముందు ఎవరికి చెబుతావు? ఎవరికి చెప్పవు? ఎందుకు?

మూడో ప్రశ్నకి జవాబు వినేటప్పుడు కొంచెం కష్టంగా ఉండవచ్చు. మీ పేరు ‘చెప్పను’ జాబితాలో ఉండవచ్చు. కోప్పడకండి. “ఏం చేస్తే చెబుతావు?” అని మాత్రం అడగండి.

మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ అసైన్‌మెంట్ మళ్ళీ ఇచ్చాను. అదే వాక్యం: “ఒక అమ్మాయి రాత్రి బస్సులో ఫోన్ మరిచిపోయింది.” ఈసారి మొదటి ఫలితంగా “ఆమె వెంటనే ఇంట్లో చెప్పింది” అని రాసి, అక్కడి నుంచి కథ నడపమన్నాను. ఒకమ్మాయి రెండే వాక్యాలు రాసి నోట్‌బుక్ ఇచ్చేసింది. “ఆమె వెంటనే ఇంట్లో చెప్పింది. కథ అయిపోయింది మేడమ్.”

నాలుగు వాక్యాలు అడిగితే రెండే రాసింది. అయినా పూర్తి మార్కులు వేశాను.

ఈ నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కుల గురించి ఎలాగూ మాట్లాడుకుంటాం. ఆ మూడో ప్రశ్నకి మీ ఇంట్లో ఏ జవాబు వచ్చిందో కూడా వీలైతే చెప్పండి. ఎదురుచూస్తుంటాను.

మీ
ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం